వందకు వంద మాటలు

41వ నమోదు. నీళ్ళొచ్చి రెండు రోజులు.

ఇవాళ పరీక్షలో నేనొక తప్పు చేశాను. ఎవరూ పట్టుకోలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ పుస్తకం నా తర్వాత వచ్చే చదువరికి అర్థమయ్యేలా ఉండాలని నియమం. కాబట్టి ముందు పద్ధతి చెబుతాను. మా నాలుగో వార్డు విమానాలు దిగే దారి కింద ఉంది. ఏ విమానం ఎంత చప్పుడు చేస్తుందో ఇక్కడి పాకలోనే తేలుస్తారు. పాకకు ఈ చివర నేను పాఠాల పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. నేను చదువరిని. ఆరడుగుల అవతల సన్యాసమ్మ పిన్ని కూర్చుని వింటుంది. ఆమె శ్రోత. విమానం పదిసార్లు దిగుతుంది. దిగినప్పుడల్లా నేనొక వాక్యం చదివి వేలెత్తుతాను. పిన్ని విన్నది విన్నట్టు ఒక రబ్బరు గొట్టంలోకి చెబుతుంది. గొట్టం రెండో కొస తనిఖీ అధికారి తవిటినాయుడు గారి చెవిలో ఉంటుంది. ఆయన ముందు అచ్చు పాఠం ఉంటుంది. పిన్ని చెప్పిన మాటల మీద ఒక్కొక్కటిగా టిక్కు పెడతారు. వాక్యానికి పది మాటలు, మొత్తం వంద. ఎనభై ఐదు వస్తే ఆ విమానం మా ఊళ్ళో దిగొచ్చు. తొంభై ఐదు వస్తే బడి గంటల్లో కూడా దిగొచ్చు. బడి గంటలకు ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

పాఠాలు ఆరు. అన్ని ఊళ్ళలోనూ అవే ఆరు. మారిస్తే ఒక ఊరి మార్కులను ఇంకో ఊరితో పోల్చడం కుదరదట.

ఇవాళ్టి పరీక్ష ఒక పాత సరుకుల విమానానిది. ఏటా దాని అనుమతి పత్రం కొత్తది చెయ్యాలి. నేను రెండో పాఠం చదువుతున్నాను. తేమకు పేజీలు అంటుకుని రెండు కలిసి తిరిగాయి. ఏడో వాక్యం రెండో పాఠంలోది చదవాల్సింది మూడో పాఠంలోది చదివేశాను. వేలెత్తాక చూసుకున్నాను. విమానం నెత్తి మీద ఉంది. ఆ వాక్యానికి పది మాటలూ పోతాయి, లేచి తప్పు నాదని చెప్పాలి అనుకున్నాను. చెప్పడానికి మాటలు కూడగట్టుకుంటూ ఉండగానే తవిటినాయుడు గారు మార్కులు చదివారు. తొంభై ఎనిమిది.

"రెండు మాటలు ఎక్కడ పోయాయప్పా?" అని ఆయన పిన్నిని అడిగారు.

పిన్ని ఆయన మూతి వైపు చూసి, "దగ్గొచ్చింది నాయుడూ. దగ్గు కూడా విమానం మీదే రాసెయ్" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ సుబ్బమ్మ తొమ్మిదేళ్ళ నుంచి ఉల్లిపాయలు ఎండబెడతంది తల్లీ. ఎప్పుడు కోస్తాదో, ఎప్పుడు కూరొండుతాదో" అంది. సుబ్బమ్మ మొదటి పాఠంలోని మనిషి.

"కూర వండేస్తే పాఠం అయిపోద్ది. మన ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి" అన్నారు తవిటినాయుడు గారు.

పేజీ తప్పిన సంగతి నేను చెప్పలేదు. అచ్చులో ఉన్నదైతే ఎంతసేపైనా చదువుతాను. నలుగురిలో నా అంతట నేను నోరు విప్పడం నాకు రాదు.

42వ నమోదు. నీళ్ళొచ్చి మూడు రోజులు.

ఉదయం బట్టలు ఆరేశాను. మా దండెం ఒక కొస ఇంటి చూరుకు, రెండో కొస పాత కొలత స్తంభానికి కట్టి ఉంటుంది. నా చిన్నప్పుడు ఆ స్తంభం మీద చప్పుడు కొలిచే యంత్రం ఉండేది. కొన్నాళ్ళకు విమానాలు యంత్రాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. స్తంభం దగ్గర పిల్లిలా వచ్చి, దాటాక ఉరిమేవి. జనం రాళ్ళతో యంత్రాలను పగలగొట్టారు. మనిషి గొంతును, మనిషి చెవిని ఏ విమానమూ మోసం చెయ్యజాలదని అప్పుడు కొత్త చట్టం రాశారు. చెవి ఆ వార్డులో కాపురముండే మనిషిదే అయి ఉండాలని కూడా రాశారు.

అక్క కుక్కరు కూతలు వినదు. పైనున్న బరువు ఎన్నిసార్లు లేచిందో చూసి లెక్కపెడుతుంది. గిన్నెల కింద గోనెపట్టా పరుస్తాం, లేకపోతే అవి ఒకదాన్నొకటి కొట్టుకుని సొట్టలు పడతాయి. నాలుగు నిమిషాలకో విమానం. మొదలుపెట్టిన మాట ఆపి, విమానం పోయాక మళ్ళీ అందుకునే ఓపిక ఎవరికీ లేక అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. బియ్యం, ఉప్పు, రా, పో, అన్నిటికీ గుర్తులున్నాయి. తిట్లకు మరీ ఎక్కువ ఉన్నాయి.

అక్క కూతురు మోనికకు మూడేళ్ళు నిండాయి. చెవులు బాగున్నాయని డాక్టరు చెప్పారు. మాట మాత్రం రాలేదు. ఆకలేస్తే ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెడుతుంది. కోపమొస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. మాట్లాడనని దానర్థం.

ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా విమానాలు దిగవు. అవి బడి గంటలు. నేను చదువుకున్న కాన్వెంటులోనే సిస్టర్ ఫిలోమిన ఆ మూడు గంటలూ వార్డులోని చిన్నపిల్లలను కూర్చోబెట్టి మాటలు పలికిస్తారు. మోనికను నెల నుంచి పంపుతున్నాం. నిన్న సిస్టర్ దాని వేళ్ళు తన పెదాల మీద పెట్టించుకుని "అమ్మ" అని పదిసార్లు అన్నారట. దాని గొంతులోంచి గాలిలాంటిది ఒకటి బయటికొచ్చిందట.

ఆ గాలి గురించి అక్క సాయంత్రమంతా చెప్పింది. చేతులతో.

43వ నమోదు. నీళ్ళొచ్చి ఐదు రోజులు.

ఇవాళ చేపలు మోసే చిన్న విమానానికి పరీక్ష. నాలుగో పాఠం. ఐదో వాక్యం దగ్గర కావాలనే నేను గొంతు విప్పలేదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, సమయం చూసి వేలెత్తాను. పిన్ని ఎప్పట్లాగే నేల వైపు చూస్తూ ఉంది. నా వేలును ఓరకంట కనిపెట్టి గొంతు సవరించుకుంది. గొట్టంలోకి పది మాటలూ చెప్పింది. తవిటినాయుడు గారి పెన్సిలు పదిసార్లు కదిలింది.

మార్కులు తొంభై తొమ్మిది.

అందరూ వెళ్ళాక పాత రిజిస్టరు తిరగేశాను. మొదటి మూడేళ్ళు అరవైలు, డెబ్భైలు, అక్కడక్కడ ఎనభై ఐదు. ఒకచోట నలభై ఒకటి. ఆ నలభై ఒకటి తర్వాత ఇవాళ్టిదాకా తొంభైకి తగ్గిన అంకె లేదు. విమానాలు బాగుపడ్డాయని కార్యాలయం వాళ్ళు గోడ మీద పటం గీసి పెట్టారు. వార్డులో అందరం అలాగే అనుకున్నాం. నేనూ అనుకున్నాను. గిన్నెల కింద గోనెపట్టా తియ్యకుండానే అనుకున్నాను.

44వ నమోదు. నీళ్ళొచ్చి ఆరు రోజులు.

పాక గుమ్మానికి నోటీసు అంటించారు. వాయు రవాణా సంఘం వాళ్ళ కొత్త విమానం, పేరు కపోతం. బడి గంటల్లో దిగడానికి దరఖాస్తు. రోజూ తొమ్మిదికి, పన్నెండుకి మధ్య నలభైసార్లు దిగుతుందట.

తవిటినాయుడు గారు ఆ కాగితం కింద కూర్చుని మరమరాలు తింటున్నారు. నాకూ చేతిలో పోశారు.

"ఇది మన ఊరికి ఏం తెస్తుంది సార్?" అని అడిగాను.

"ఏమీ తేదమ్మా. పై ఊళ్ళకి పోయే పూలు, మంచుపెట్టెలు ఇక్కడ దించి ఇంకో విమానంలో ఎక్కిస్తారు. మన ఊరు దానికి అరుగులాంటిది, అంతే."

"నిజంగా నెమ్మదిదేనా?"

ఆయన ఇంకో గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకున్నారు. "ఒకప్పుడు రెక్కల అంచుకి కుచ్చులు కుట్టేవారు. గుడ్లగూబ ఈకలకి ఉంటాయి చూడు, అలాగ. పంకాల చుట్టూ తేనెపట్టులాంటి అట్ట వేసేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి విమానం ఒకటి దిగింది. దిగేదాకా నేను తల ఎత్తలేదు. అంత నెమ్మదిగా దిగింది. బరువెక్కువ, సరుకు తక్కువ పడుతుందని తీసేశారు. కుచ్చుల్లేకుండానే తొంభైలు వస్తుంటే కుచ్చులెవరు కుడతారమ్మా?"

"అవి ఇంకా ఉన్నాయా?"

"ఏ షెడ్డులోనో ఉండే ఉంటాయి."

పిన్ని నేను చదవనిది కూడా చెబుతోందని అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. మరమరాలు అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. చెప్పలేదు.

45వ నమోదు. నీళ్ళ రోజు.

పొద్దున్నే నీళ్ళ విమానం దిగింది. దానికంటే పెద్ద చప్పుడు చేసేది మా ఊరికి ఇంకోటి రాదు. వరసలో నిలబడ్డవాళ్ళు చెవులు మూసుకోరు, చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి. బావులన్నీ ఉప్పయ్యి, కట్ట తెగి, రోడ్డు సముద్రంలో కలిసినప్పటి నుంచి ఎనిమిది రోజులకోసారి ఈ విమానమే మాకు చెరువు.

సన్యాసమ్మ పిన్ని డబ్బా నేను మోశాను. వాళ్ళ పెరట్లో దించి, ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, చేతులతో అడిగాను. మీకు వినబడటం లేదు కదా అని.

పిన్ని ఎండు చేపలు తిరగేస్తోంది. చెయ్యి ఆపలేదు. "ఇప్పుడా తెలిసింది?" అంది నోటితోనే.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. ముందు దోమలు పోయినాయనుకున్నాను. మందు కొట్టినారు కాబోలు, మంచిదే అనుకున్నాను. ఓ రోజు కోడిపుంజు నా ఎదట మెడ సాసి నోరు తెరిసింది. కూత రానేదు. అప్పుడు తెలిసింది, దోమలు బాగానే ఉన్నాయని."

"మరి పాఠాలు?"

"ఆరు పాటాలు, తొమ్మిదేళ్ళు. నాకు అచ్చరం ముక్క రాదు గానీ ఒకసారి ఇన్నది నాకాడ నుంచి పోదు. మా అమ్మ ఊడుపుల్లో పాడిన పాటలు ఇప్పుడడుగు, నూరు సెప్తాను."

నేను నలభై ఒకటి గురించి అడిగాను. పిన్ని చేతిలోని చేపను చాప మీద పెట్టి, ఇంకోటి తియ్యలేదు.

"అది నీళ్ళ విమానం. అప్పుడు సెవులు సుబ్బరంగా ఉన్నాయి. ఇన్నకాడికి నిజం సెప్పినాను. విమానం ఆపేసినారు. ఇరవై రెండు రోజులు ఊళ్ళోకి సుక్క రానేదు. మా ఈదిలో ముగ్గుర్ని మోసుకుపోయినారు. అందులో ఒకర్తి నా కోడలు." ఆమె నా ముఖం వైపు చూసింది. "అప్పట్నుంచి వినబడినా వినబడకపోయినా పాటం మొత్తం సెప్పేస్తాను. విమానం రావాల. నీళ్ళు రావాల. సుబ్బమ్మ ఉల్లిపాయలు ఎండితే నాకేటి, ఎండకపోతే నాకేటి?"

 కపోతం నీళ్ళు తేదని చెప్పాను. పూలు మోస్తుందని, తొమ్మిదికి, పన్నెండుకి మధ్య నలభైసార్లు దిగుతుందని చెప్పాను. మోనిక సంగతి చెప్పాను.

"గాలి వచ్చిందట గదా దాని గొంతులోంచి. మీ అక్క వీధంతా సెప్పుకుంది."

"వచ్చింది పిన్నీ."

ఆమె చేపలన్నీ తిరగేసి, చేతులు కడుక్కోకుండా కొంగుకే తుడుచుకుంది. "సరే. ఈ ఒక్కదానికి, నాకు వినబడిందే సెప్తాను. వినబడకపోతే నోరు మూసుకుని కూకుంటాను. గంగమ్మ తల్లి మీద ఒట్టు." తర్వాత నవ్వింది. "నా మొగుడు బతికుంటే పండగ సేసుకునేవోడు. సన్యాసమ్మ నోరు మూసుకుంటాదంటే."

46వ నమోదు. నీళ్ళొచ్చి మూడు రోజులు.

పిన్ని ఒట్టు మీద నాకు అనుమానం లేదు. అనుమానం పాఠం మీదే. తొమ్మిదేళ్ళుగా నోట్లో నానినది ఒక్క ముక్క వినబడితే చాలు, మిగతాది దానంతటదే వచ్చేస్తుంది. కొత్త మాటలైతే అలా రావు. అందుకని అచ్చు పాఠం బదులు చదవడానికి పది వాక్యాలు నేనే రాశాను. నియమం ప్రకారం ఇది తప్పు. పిన్నికి చెప్పలేదు, శ్రోతకు ముందుగా చెప్పడం ఇంకో తప్పు.

వాక్యానికి సరిగ్గా పది మాటలు వచ్చేలా చూశాను. అది మాత్రం నియమం ప్రకారమే ఉంది.

47వ నమోదు. నీళ్ళొచ్చి నాలుగు రోజులు.

కపోతం పరీక్ష ఇవాళ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

విమానం బూడిదరంగులో, పొట్ట దగ్గర వెడల్పుగా ఉంది. రెక్కల అంచులు నున్నగా కత్తుల్లా ఉన్నాయి. మొదటి దిగుడుకు పాక కప్పులోంచి తాటాకు ముక్కలు రాలి నా పుస్తకం మీద పడ్డాయి. తవిటినాయుడు గారు మొదటి పాఠం ముందు పెట్టుకున్నారు. నేను పుస్తకం మధ్యలో నా కాగితం పెట్టుకున్నాను.

"మా అక్క కూతురికి మూడేళ్ళు నిండాయి, ఇంకా ఒక్క మాట కూడా రాలేదు" అని చదివి వేలెత్తాను. నా గొంతు నాకే వినబడలేదు. దవడలో కదలిక మాత్రం తెలిసింది.

పిన్ని నేల వైపు చూస్తోంది. కళ్ళు మూసుకుంది. నోరు తెరవదనుకున్నాను. తెరిచింది. గొట్టంలోకి ఏదో చెప్పింది. పెన్సిలు కదిలింది. ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టాను. పదిసార్లు.

రెండో దిగుడు. "మా వీధిలో పిల్లలు ముందు చేతులతో అడుగుతారు, తర్వాత ఎప్పుడో నోటితో అడుగుతారు." పదిసార్లు.

మూడోసారి గట్టిగా అరిచాను. బడిలో కూడా ఎప్పుడూ అంత గట్టిగా చదవలేదు. "నేను ఇంత గట్టిగా నా సొంత మాటలు ఇంతకుముందు ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు." తవిటినాయుడు గారు తల ఎత్తలేదు. ఆయన ఒక చెవిలో గొట్టం, రెండో చెవిలో మైనం. పెన్సిలు పదిసార్లు కదిలింది.

పది వాక్యాలూ అలాగే అయ్యాయి.

"వందకు వంద" అన్నారాయన గొట్టం తీసి. "తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు."

పిన్ని లేచి నా దగ్గరకొచ్చి గడ్డం పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "తల్లీ, ఈ విమానం నిజంగానే నెమ్మదిది. నీ మాట పెతి ఒక్కటీ వినబడింది. రెండేళ్ళయింది నీ గొంతు ఇని. సుబ్బమ్మ పొద్దున్నే లేచి తన పెరట్లో ఉల్లిపాయలన్నీ... నీ గొంతే. నీ గొంతుతోటే ఇన్నాను."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తవిటినాయుడు గారు రిజిస్టరు నా ముందుకు తోశారు. 'అచ్చు పాఠమే చదివాను' అన్న మాట కింద చదువరి సంతకం పెట్టాలి. ఈ ఉద్యోగంలో చేరిన మూడేళ్ళలో చాలాసార్లు పెట్టాను.

"నేను అచ్చు పాఠం చదవలేదు సార్."

నా కాగితం ఇచ్చాను. ఆయన చదివారు. తర్వాత తను పెట్టిన టిక్కుల వైపు చూశారు. మళ్ళీ కాగితం చదివారు.

"సాక్ష్యం ఏముందమ్మా?" అన్నారు నెమ్మదిగా. "ఆవిడ విన్నానంటోంది. నేను ఆవిడ చెప్పింది విన్నాను. నువ్వు ఏం చదివావో విన్న మనిషి ఈ భూమ్మీద లేడు."

"మీరు చూడండి సార్" అన్నాను.

పిన్ని మాకు వీపు తిప్పి కూర్చుని గొట్టం చుట్టచుడుతోంది. నేను ఆమె వెనక్కి వెళ్ళి మూడడుగుల దూరంలో నిలబడ్డాను. విమానం వెళ్ళిపోయింది. చూరులో పిచుక ఒకటి గడ్డి లాగుతున్న చప్పుడు కూడా వినబడుతోంది.  ముందు "పిన్నీ" అన్నాను. పిలిచే గొంతుతో "సన్యాసమ్మ పిన్నీ" అన్నాను. చివరికి పిచుక ఎగిరిపోయేటట్టు అరిచాను.

ఆమె గొట్టం చివర ముడివేసి, దాని మీద దుమ్ము ఊదుకుంది.

తవిటినాయుడు గారు పెన్సిలు కింద పెట్టారు.  "ఈవిడ చెవి మీద పందొమ్మిది పత్రాలున్నాయి. నువ్వు సంతకం పెట్టకపోతే కారణం రాయాల్సింది నేనే. రాస్తే పందొమ్మిదీ రద్దు. అందులో నీళ్ళ విమానం ఒకటి."

"మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"కొత్త శ్రోత దొరికితే పది రోజులు."

"కుచ్చుల రెక్కల విమానంలో నీళ్ళు పంపమని అడగొచ్చు కదా."

"అడగొచ్చు."

"డ్రమ్ములో పన్నెండు రోజులకు సరిపడా నీళ్ళున్నాయి సార్."

"మీ డ్రమ్ములో" అన్నారాయన.

నేను రిజిస్టరు మూసి ఆయన వైపు తోశాను. సంతకం పెట్టలేదు. సిస్టర్ ఫిలోమిన అబద్ధం రాయొద్దని నేర్పారు కాబట్టి అని రాసుకుంటే బాగుంటుంది గానీ, నేనప్పుడు సిస్టర్ గురించి ఆలోచించలేదు. తొమ్మిదికి, పన్నెండుకి మధ్య నలభై అన్న లెక్కే నా బుర్రలో తిరుగుతోంది.

పిన్నికి మేమిద్దరం ఏమీ చెప్పలేదు. ఆమె గొట్టం సంచిలో పెట్టుకుని, "పద తల్లీ, ఎండెక్కుతంది" అంది. ఇంటిదాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది.

48వ నమోదు. నీళ్ళొచ్చి పన్నెండు రోజులు.

పత్రాలు రద్దయ్యి విమానాలు ఆగి వారమైంది. రావాల్సిన నీళ్ళ రోజు రాలేదు.

ఇంట్లో కుక్కరు కూసింది. మోనిక ఉలిక్కిపడి ఏడ్చింది. అది కూతపెడుతుందని దానికి తెలియదు. గిన్నెల కింది గోనెపట్టా అక్క తీసి ఉతికి ఆరేసింది, మళ్ళీ పరవలేదు. ఇంత నిశ్శబ్దంలో కూడా వీధిలో జనం చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. నాకొక కొత్త గుర్తు పెట్టారు. ఒక వేలు పెదాల మీద పెట్టి, రెండో చేత్తో బిందె బోర్లించినట్టు చూపిస్తారు. నేను దాటి వెళ్తుంటే చూపిస్తారు. దాచుకోరు.

కొత్త శ్రోత కోసం వార్డులో ముప్పై నాలుగు మందికి చెవి పరీక్ష చేశారు. ఒక్కరూ నిలవలేదు. నాకూ చేశారు. ఎడమ చెవి ముప్పావు వంతు, కుడి చెవి సగం. నాకు ఇరవై నాలుగేళ్ళు. పక్క వార్డు మనిషిని పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. తవిటినాయుడు గారు పై కార్యాలయానికి రాశారు. చట్టం మార్చాలంటే సభ కూడాలట.

సన్యాసమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆమెకు అంతా తెలిసిపోయింది. గొట్టం సంచి తీసేసుకున్నారట. నేను ఎదురుగా కూర్చోగానే ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను చెప్పడానికి వెళ్ళిన మాటలు చెప్పడానికి ఇంక దారి లేదు. కాసేపు ఆమె జడ చూస్తూ కూర్చుని వచ్చేశాను.

49వ నమోదు. నీళ్ళొచ్చి పంతొమ్మిది రోజులు.

మనిషికి పూటకు గ్లాసున్నర. అక్క గ్లాసు అంచుకు సున్నంతో గీత పెట్టింది. నా వంతు నాకు ఇచ్చేటప్పుడు ముఖం చూడదు.

సంఘం వాళ్ళ జవాబు వచ్చింది. కుచ్చుల విమానాలు రెండున్నాయట. బాగుచేసి పంపడానికి నెల పడుతుందట. పంపినా, పరీక్ష లేకుండా దిగనివ్వరు. పరీక్షకు చెవి లేదు.

మూడు పడవలు నీళ్ళు తెచ్చాయి. వీధికి రెండు డబ్బాలు వచ్చాయి. వెనక వీధిలో ఒక ముసలాయన పోయాడు. వయసు వల్లేనని అక్క అంది. ఆ మాట నా కోసం అన్నదో, తన కోసం అన్నదో తెలియలేదు.

బడి ఇప్పుడు సాయంత్రం దాకా నడుస్తోంది. వార్డులో అంతటా వినబడుతుంది, పిల్లలు ఒక్కొక్క మాటే పలకడం. ఎంత బాగా వినబడుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

50వ నమోదు. నీళ్ళొచ్చి ఇరవై మూడు రోజులు.

మోనిక మాట్లాడింది.

మధ్యాహ్నం బడి నుంచి తీసుకొచ్చాం. దాని వంతు పొద్దున్నే అయిపోయింది. అక్క డ్రమ్ము పక్కకు వంచి అడుగున బట్టతో అద్దుతోంది. నేను బట్ట పిండడానికి గిన్నె పట్టుకున్నాను. మోనిక వచ్చి అక్క గడ్డం తన వైపు తిప్పుకుంది. బడిలో నేర్పినట్టు వేళ్ళు అక్క పెదాల మీద పెట్టింది. అక్క ఏమీ అనలేదు. అప్పుడది ఆ వేళ్ళు తన పెదాల మీద పెట్టుకుని, "నీళ్ళు" అంది.

అక్క చేతిలోంచి బట్ట జారిపోయింది. పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, ఎదురింటి వాళ్ళను కేకేసి పిలుస్తోంది. మళ్ళీ అను బంగారం, మళ్ళీ అను అంటోంది.

మోనిక అడిగినన్నిసార్లూ అంది. ప్రతిసారీ అంతకు ముందుకంటే స్పష్టంగా అంది. వీధి చివరిదాకా వినబడింది.